కారులో తిన్నె

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొన్నది. నంద్యాలలోనే బండి తీసుకుని, గుడి ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, "అమ్మా, నువ్వు ముందు కూర్చో" అని తలుపు తీసింది. కూర్చున్నాను. ఎండ చురుక్కుమంటోంది. పాత అలవాటు కదా, అద్దం దించే పిడి కోసం నా చెయ్యి తలుపంతా తడిమింది. పిడి లేదు, మీట ఉంది. మీట నొక్కితే అద్దం దిగింది గానీ, గాలిని ముఖం మీదికి తిప్పుకునే ముక్కోణపు చిన్న అద్దం లేదు. చాక్లెట్ కాగితం పడేద్దామంటే సిగరెట్ల నుసి డబ్బా లేదు. తాళంచెవికి రంధ్రం లేదు. క్యాసెట్‌కు నోరు లేదు. అద్దం మూసి ఏసీ వేసింది, అది కాస్తా ఎక్కువైంది. తగ్గించవే అంటే "ఆ తెర మీద నొక్కమ్మా" అన్నది. నొక్కాను. మా ఆడబిడ్డకు ఫోన్ పోయింది. ఆమె "ఏం వదినా" అంటే ఏం చెప్పాలో తోచక, కారు కొన్నామని చెప్పేశాను. ఆ మాట తనే స్వయంగా చెప్పాలని మా అమ్మాయి దాచిపెట్టుకుందట, అదీ చెడగొట్టాను.

ఇవన్నీ పోతే పోయాయి. నాకు మింగుడుపడనిది ఒకటే. నాకూ మా అమ్మాయికీ మధ్య మోచేతి ఎత్తున ఒక గట్టు కట్టి ఉంది. అందులో నీళ్ళ సీసాకు ఒక గుంత, ఫోనుకు ఒక గుంత, ఇంకా దేనికో తెలియని గుంతలు రెండు. ఎందుకే ఇది అంటే, చాలా సౌకర్యం అమ్మా అన్నది. కారు నడుపుతున్న బిడ్డ భుజం మీద చెయ్యి వెయ్యాలంటే ఆ గట్టు దాటాలి. మా అత్త బతికి ఉంటే "పొలానికి గెనిమ ఏసినట్టు కారుకు గూడా ఏసినారే" అని ఉండేది. ఆ మాట అనుకోగానే నాకు కళ్ళు తడిశాయి. కొత్త కారులో కూర్చుని ఏడుస్తోందేమిటని మా అమ్మాయి కంగారుపడి, ఏసీ గాలి పడలేదనుకుని దాన్ని కట్టేసింది.

మా పాత అంబాసిడర్‌లో ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు. గేరు కర్ర కింద ఉండేది కాదు, స్టీరింగు పక్కన ఉండేది. కాబట్టి మధ్యలో అడ్డం అన్నదే లేదు. ముగ్గురు దర్జాగా, నలుగురు మొహమాటంగా కూర్చునేవాళ్ళం. మా అత్త దాన్ని తిన్నె అనేది. ఇంటి ముందర కూర్చునే అరుగును మా సీమలో తిన్నె అంటాం. "నేను ఎనక కూసుంటే కక్కుకుంటా. తిన్నె మింద కూసుంటా" అని అందరికంటే ముందు ఎక్కి, మామ పక్కన, సరిగ్గా నడుమన కూర్చునేది. ఎనక కూర్చుంటే వాంతులన్నది వట్టి అబద్ధం. బస్సులో ఆఖరి సీటులో కూర్చుని కర్నూలు దాకా పోయి వచ్చిన మనిషి ఆమె.

నాది నంద్యాల. తొంభైల మొదట్లో పెళ్ళయి ఆళ్లగడ్డకు పోయాను. ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది మా అత్తామామలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం. పోట్లాట కాదు, ఆ ఇంటి పద్ధతి అది. మామగారి తల్లి బతికే ఉంది, జేజి అనేవాళ్ళం. జేజి ముందర కోడలు మగనితో మాట్లాడకూడదు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆ మర్యాద ముప్పై ఏళ్ళయినా వదల్లేదు. "మీ మామను కాళ్ళు కడుక్కోమను" అని అత్త నాతో చెప్పేది. మామ అక్కడే, మూడు బారల దూరంలో నిలబడి ఉండేవాడు. "ఇంకో గడియ పట్టుతాదని చెప్పు" అని ఆయనా నాతోనే చెప్పేవాడు. నడుమ నేను తపాలా బంట్రోతును. నేను రాకముందు ఆ ఉద్యోగం మా ఆడబిడ్డది. జేజి కన్నుమూశాక ఇద్దరూ మాట్లాడుకుంటారేమో అనుకున్నాను. అలవాటు తప్పిపోయిందో ఏమో, అప్పుడూ మాట్లాడుకోలేదు.

కారు నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు వచ్చింది. ఎవరో వాడి వదిలేసిన తెల్లబండి. మామకు ఆ కారంటే ప్రాణం. పొద్దున్నే తన తువ్వాలతోనే దాన్ని తుడిచి, ఆ తువ్వాలనే భుజాన వేసుకుని పొలం పోయేవాడు. మా అత్త మాత్రం దాన్ని ఇంట్లో ఇంకో గది అనుకున్నది. మామ సిగరెట్టు ముట్టడు కాబట్టి నుసి డబ్బాలో వక్కలు పోసి పెట్టింది. ముందు అద్దం కింద ఉండే పొడుగాటి అరలో విసనకర్ర, దువ్వెన, నిమ్మకాయలు ఉండేవి. మలుపు తిరిగినప్పుడల్లా నిమ్మకాయలు ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లేవి. ఒకసారి ఇంజను చోకు బొడిపెను కొక్కెం అనుకుని టమోటాల సంచి తగిలించింది. సంచి బరువుకు చోకు ఊడి ముందుకొచ్చి, బండి నల్లగా పొగ కక్కుకుంటూ శిరివెళ్ల దాకా పోయింది. అక్కడ మెకానిక్కు తల లోపలికి పెట్టి చూసి, "పెద్దమ్మా, మీ సంచి పెట్రోలు తాగుతాంది" అన్నాడు. అత్త చిన్నబుచ్చుకోలేదు. "మరి సంచి తగిలించనీకె కాకపోతే అదెందుకు పెట్టినారు?" అని అడిగింది.

ఆ కారులో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోవడమంటే అత్త నోరు వినడమే. ఇంట్లో మగనితో పలకని మనిషి, బండి ఊరు దాటగానే మొదలుపెట్టేది. ఆయన వైపు చూసేది కాదు, ముందు అద్దం వైపు చూసి చెప్పేది. "గొర్లు." "ఎద్దులబండి, కుందూపక్క." "లారీ వస్తాంది, కొండపక్క." కుడి ఎడమలు ఆమెకు లేవు. ఆ దారిలో తూర్పున నల్లమల ఎప్పుడూ కనిపిస్తుంది, పడమట కుందూ ఏరు పారుతుంది. పోయేటప్పుడు కొండ కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు. ఆమెకు ఎటు తిరిగినా కొండ కొండే, కుందూ కుందూనే. మామ ఒక్కొక్క మాటకూ "ఊఁ" అనేవాడు, కథ చెప్పేవాళ్ళకు ఊఁ కొట్టినట్టు. నలభై కిలోమీటర్లు ఇదే వరస. వెనక కూర్చుని మేమంతా నవ్వుకునేవాళ్ళం. మా ఆయన అయితే "మా నాయన కారు తోల్తాడు, మా యమ్మ మా నాయనను తోల్తాంది" అనేవాడు. నాకు మాత్రం మామ మీద జాలి కలిగేది. ఇంట్లో ఎటూ మాట లేదు, కనీసం కారులోనైనా ఆయనను నెమ్మదిగా ఉండనివ్వకూడదా అని అత్త మీద కోపంగా కూడా ఉండేది. ఆ కోపం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు, అయిదో నెలలో, నంద్యాల డాక్టరమ్మకు చూపించుకోవాల్సిన రోజున అత్తకు జ్వరం వచ్చింది. మా ఆయన విత్తనాల పని మీద కర్నూలు పోయి ఉన్నాడు. అత్త మంచంలో లేచి కూర్చుని "నేను వస్తా" అన్నది. ఒళ్ళు పెనం మాదిరి కాలుతోంది. "వద్దత్తా, మామ ఉన్నాడు గదా" అని నేనే బలవంతంగా పడుకోబెట్టాను. గడప దాకా వచ్చి "అమ్మీ, తిన్నె మింద కూసో. మామకు చెప్పుకుంటా పో" అన్నది. నాకు నవ్వొచ్చింది. జ్వరంలో కూడా పోరు మానలేదే అనుకున్నాను. తిన్నె మీద కూర్చున్నాను గానీ నోరు మూసుకుని కూర్చున్నాను. పాపం ఆయన ఒక్క పూటైనా సుఖంగా బండి నడుపుకోనీ అని. పెద్ద పుణ్యం చేస్తున్నాననుకున్నాను.

మామ చాలా మెల్లగా నడిపాడు. నేను గర్భిణిని కాబట్టి జాగ్రత్త అనుకున్నాను. రెండుసార్లు నావైపు తిరిగి, ఏదో అడగబోయి మానుకున్నాడు. శిరివెళ్ల దాటాక ముందర వరిగడ్డి ఎత్తుకున్న ఎద్దులబండి ఒకటి పోతోంది. ఎండకు రోడ్డూ గడ్డీ ఒకే రంగులో ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన కూడా చూస్తున్నాడనే అనుకున్నాను. బండి దగ్గరైంది, ఇంకా దగ్గరైంది. "మామా! బండి!" అని అరిచాను. బ్రేకు పడింది గానీ కారు ముక్కు పోయి గడ్డిలో దూరింది. తెరిచిన ముక్కోణపు అద్దంలోంచి గడ్డి లోపలికొచ్చి నా ఒళ్ళో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎద్దులు నిలబడి వెనక్కి చూశాయి. బండి ముందు నడుస్తున్న రైతు వచ్చి చూసి, "ఏందప్పా, కారుకు గూడా గడ్డే మేపుతాండావా?" అని నవ్వి, గడ్డి సర్దుకుని పోయాడు.

మామ కారు పక్కకు తీసి ఆపాడు. "ఏమీ చెప్పకపోతివే అమ్మా" అన్నాడు.

"ఏం చెప్పాల మామా?"

"ముందర ఏముండాదో అది."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. "రెండేండ్లాయ అమ్మా. అంతా పొగ పొగ మాదిరి కనపడ్తాది. మీ అత్త చెప్తాంది, నేను తోల్తాండా" అన్నాడు. మామ వాళ్ళ అన్న ఒకాయన కంటి ఆపరేషన్‌కు పోయి, ఉన్న చూపు కూడా పోగొట్టుకుని వచ్చాడట. ఆ భయంతో ఈయన ఎవరికీ చెప్పలేదు. అత్తకు కూడా చెప్పలేదట. ఒకరోజు ఊరి బయట గొర్రెల మందలోకి పోనిస్తుంటే ఆమే గమనించి, "గొర్లు" అన్నదట. ఎందుకు, ఏమిటి అని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. ఊఁ అన్నాడు, అంతే. ఆ రోజు నుంచి ఆమెకు వెనక కూర్చుంటే వాంతులు. "మావోనికి చెప్పొద్దమ్మా" అని నా ముందు చేతులు జోడించబోయాడు. పెద్దాయన చేతులు పట్టుకుని కిందికి దించాను. అక్కడి నుంచి నంద్యాల దాకా, తిరిగి ఆళ్లగడ్డ దాకా నేనే చెప్పాను. మొదట కుడి, ఎడమ అన్నాను. ఆయన తడబడ్డాడు. "అట్ల గాదమ్మా, కొండపక్క, కుందూపక్క అను" అన్నాడు. అట్లాగే అన్నాను. ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది.

ఇంటికి పోయేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. నా చీరకు అంటుకున్న గడ్డిపరకను తీసి చూసింది. "తెలిసిందా?" అన్నది. తలూపాను. "ఆ చక్రం గూడా పెరుక్కుంటే ఆ మనిషికి ఇంగేముంది? మాకు మాత్రం ఏముంది?" అన్నది. ఆయనకు ఏముందన్న మాట అర్థమైంది. మాకు ఏముందన్న మాట నేను పట్టించుకోలేదు. నా కడుపులో బిడ్డ ఉంది. ఇంకేదీ వినే స్థితిలో నేను లేను.

నేను మా ఆయనకు కళ్ళ సంగతి చెప్పలేదు, ఆ మాట నిలబెట్టుకున్నాను. కానీ బండి పాతబడింది, పుట్టబోయే బిడ్డతో దీంట్లో తిరగలేం, చిన్న కారు కొందాం, నువ్వే నడుపు అని రోజూ చెవినిల్లు కట్టుకుని పోరాను. ఆయనకూ కొత్త కారు మీద మోజు ఉంది. నాకు తొమ్మిదో నెల వచ్చేలోపల తెల్ల అంబాసిడర్ పోయి ఎర్ర చిన్నకారు వచ్చింది. పాతకారును ఎవరో తోలుకుపోయే రోజున మామ పొలంలోనే ఉండిపోయాడు. అత్త నుసి డబ్బాలోంచి వక్కలు కొంగులో పోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త కారులో ముందర రెండే సీట్లు, నడుమ గేరు కర్ర. అత్త తలుపు తీసి చూసి "తిన్నె ల్యా?" అన్నది. "ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ, మా. ఎవురి కుర్చీ వాళ్ళది" అన్నాడు మా ఆయన గొప్పగా. ఇంటి పెద్ద కాబట్టి మామ ముందర, కొడుకు పక్కన. ఆడవాళ్ళం, చంటిబిడ్డ వెనక. అత్తకు వాంతులేమీ కాలేదు. ఆమె గాజుల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూసేది. గొర్రెలు వచ్చేవి, లారీలు వచ్చేవి. ఏమీ అనేది కాదు. నడిపేవాడికి కళ్ళు బాగున్నాయి కదా. ముందు సీటులో మామ తల కదలకుండా ఉండేది. నలభై కిలోమీటర్లూ ఇంజను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు తెలిసింది నాకు, మాకు మాత్రం ఏముంది అని ఆమె ఎందుకు అన్నదో. ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నదల్లా ఆ రెండేళ్ళు, ఆ దారిలోనే. గొర్రెలు, గుంతలు, లారీలు అన్నవే వాళ్ళ మాటలు. దాన్ని నేను తీసేశాను. బిడ్డ కోసమే తీశాను, మళ్ళీ అదే అవసరం వస్తే మళ్ళీ తీస్తాను. అయినా ఆ పాపం నాదే, ఇంకెవరి మీదా వెయ్యలేను.

మా అమ్మాయికి అయిదారేళ్ళప్పుడు "జేజినాయనా, నా బొమ్మ చూడు" అని రోజూ ప్రాణం తీస్తుంటే, ఆ బొమ్మ చూడ్డానికే ఆయన కంటి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఒక కంటికి చూపు బాగా వచ్చింది. పేపరు చదివేవాడు. ఒకరోజు నేనే అన్నాను, "మామా, ఇప్పుడు బాగా కనపడ్తాంది గదా, పొలం దాకా కారు మీరు తోలండి. అత్తను ముందర కూర్చోబెట్టుకోండి" అని. ఆయన పేపరు మడిచి, "కనపడ్తే తోలేదాంట్లో ఏముందమ్మా, ఎవురైనా తోల్తారు" అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళకు, శనగ పీకే రోజుల్లో, ఒక ఉదయం మామ ఇంటి ముందర తిన్నె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గుండెలో పట్టేసిందన్నాడు. అంబులెన్సు కోసం ఎదురుచూసే ధైర్యం లేక కారులోనే నంద్యాలకు బయలుదేరాం. వెనక సీటులో ఆయనను పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాళ్ళు ముడిచినా ఇంకొకరికి చోటు చాలలేదు. అత్త ముందర, కొడుకు పక్కన కూర్చుంది. ఆ కారు కొన్నాక ఆమె ముందు కూర్చోవడం అదే మొదలు. ఊరు దాటాం. మామ పెదాలు కదిలాయి. వంగి విన్నాను. "ఏమీ చెప్పదేం?" అంటున్నాడు.

"అత్తా, చెప్పమంటాన్నాడు" అన్నాను. ఆఖరిసారి నేను మోసిన కబురు అది.

అత్త వెనక్కి తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, ముందు అద్దం వైపు చూసి చెప్పింది. "గొర్లు. కొండపక్క."

"ఊఁ" అన్నాడు మామ.

"ట్రాక్టరు పోతాంది, కుందూపక్క."

"ఊఁ."

"నాకు కనపడ్తాందిలే మా, నువ్వు ఊరికే ఉండు" అని మా ఆయన కసిరాడు. "ఆమెను చెప్పనియ్" అని నేను గట్టిగా అరిచాను. ఆయన అద్దంలో నావైపు బిత్తరపోయి చూశాడు. అత్త ఆగలేదు. శనగచేలో ఆడోళ్ళు, గుంత, బస్సు, బర్రెలు, ఇంకో గుంత. ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచుకున్నవన్నీ చెబుతున్నట్టు చెప్పింది. ప్రతి దానికీ ఊఁ వచ్చింది, ఒకసారి గట్టిగా, ఒకసారి ఊపిరి మాదిరి. అయ్యలూరు దగ్గర "లారీ, కొండపక్క" అన్నది. ఊఁ రాలేదు. నా అరచేతి కింద ఆయన రొమ్ము ఆగింది. అత్త ఎదురుచూస్తోంది. ఆమె వెనక జుట్టు ముడి తప్ప నాకు ఏమీ కనిపించడం లేదు. "ఊఁ" అన్నాను, మగగొంతులాగ, లావుగా. ఆమె క్షణం ఆగి, "సైకిలాయన, కుందూపక్క" అన్నది. నేను ఊఁ అన్నాను. ఆసుపత్రి మెట్ల దాకా ఆమె చెబుతూనే పోయింది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

కర్మకాండలన్నీ అయ్యాక, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతకాయలు కొట్టుకుంటూ కూర్చున్నాం. అత్త తల ఎత్తకుండా "అమ్మీ, అయ్యలూరు కాడి నుంచి ఊఁ కొట్టింది నువ్వే గదా" అన్నది. "మీ మామ ఊఁ నాకు తెలీదా? నేను నిలిపేస్తే నువ్వు ఏడుస్తావు, మావోని చేతుల్లో బండి ఉండాది. అందుకే చెప్తానే పోతి" అన్నది.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, ఎద్దులబండ్లు లేవు, ముప్పావు గంటలో నంద్యాల వచ్చేస్తుంది. అయ్యలూరు నుంచి ఆసుపత్రికి ఆ రోజు పట్టింది పావుగంటేనని మా ఆయన అంటాడు. ఆయన బండి నడిపినవాడు, ఆయన లెక్క సరిగ్గానే ఉంటుంది. నాకు మాత్రం ఆ పావుగంట ఇంకా గడవలేదు.